ఈల మాస్టారి కణ విభజన

సైన్సు టీచరు కాలు విరగడానికి కారణం ఆటల మాస్టారేనని స్కూల్లో అందరికీ తెలుసు, ఆయనతో సహా. ఆటల పోటీల రోజున టీచర్లకి కూడా గోనెసంచి పరుగు పెడదామన్న పుణ్యాత్ముడు ఆయనే. "రిటైరయ్యే వయసులో నాకెందుకు బాబూ ఈ గెంతులు" అని ఆవిడ మొత్తుకుంటున్నా వినకుండా, సంచి మూతి విప్పి పట్టుకుని "మీరు దిగకపోతే పోటీకి కళే ఉండదు టీచర్ గారూ" అని దింపిందీ ఆయనే. ఆవిడ దిగింది. దిగాక పంతం వచ్చింది. కుర్ర టీచర్లందరినీ వెనక్కి నెట్టి ముందుకి గెంతింది కూడా. ఆ ఊపులో వేసిన గెంతొకటి నేల మీద కాక సంచి మీద పడింది.

మర్నాడు హెడ్మిస్ట్రెస్ ఆటల మాస్టారిని గదిలోకి పిలిచింది.

"టీచర్ గారి కట్టు విప్పేసరికి ఈ టర్ము కాస్తా అయిపోతుంది. తొమ్మిదో తరగతికి సైన్సు ఎవరు చెబుతారు మాస్టారూ?"

"ఎవరినో ఒకరిని పెట్టండి మేడమ్."

"పెట్టాను. మిమ్మల్నే."

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఆయన నవ్వు మీసాల కిందే ఆరిపోయింది.

పిల్లలు ఆయన్ని ఈల మాస్టారంటారు. మెడలో ఈల లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు ఇంట్లోవాళ్ళే, అదీ స్నానానికి వెళ్ళేటప్పుడు. ఆయన తండ్రి గోదాముల్లో బస్తాలు మోసేవాడు. ఆ కూలీల జట్టులో తాడు లాగే పోటీలకి, మీసం సరిగ్గా మొలవకముందే ఈయన్ని చివర నిలబెట్టారు. తాడు కొసని నడుముకి చుట్టుకుని, మడమలు నేలలో పాతుకుని, వెనక్కి వాలి ఆకాశం కేసి చూస్తూ ఉండిపోవడమే చివరివాడి పని. "వీడు కదిలితే కొండ కదిలినట్టే" అని చెప్పుకునేవారు. ఆ బలం ఆయనకి ఆటల శిక్షణ కాలేజీలో సీటిచ్చింది, ఉద్యోగమిచ్చింది, పిల్లనిచ్చే మావగారి కళ్ళలో కాస్త భయంతో కూడిన గౌరవం కూడా ఇచ్చింది. సైన్సు మాత్రం ఆయనకి ఏమీ ఇవ్వలేదు. పదో తరగతిలో ఆ ఒక్క పేపరూ పదే పదే రాసి, ఎవరో జాలిగుండె మాస్టారి చేతిలో పడ్డ ఏడాది గట్టెక్కాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర విషయం బయటపెట్టాడు.

"నన్ను సైన్సు చెప్పమన్నారు."

"ఎవరికి?" అంది భార్య. ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తుంది. మాటలు కూడా అలాగే, అవసరం లేని అంచులన్నీ చెక్కేసి బిగిస్తుంది.

"తొమ్మిదో తరగతికి."

తొమ్మిదో తరగతి చదువుతున్న కూతురు కంచం ముందు నుంచి లేచి నిలబడింది. "అమ్మా, నేను ఈ టర్మంతా జ్వరంతో పడుకుంటాను. రాదంటావా, రప్పించుకుంటాను."

పుస్తకం తెరిస్తే కణ విభజన. ఆయనకి ఆ పాఠం కుడితిలో పడ్డ ఎలుక కథలా ఉంది, ఎటు ఈదినా ఒడ్డు లేదు. క్లాసుకి వెళ్ళి, శాపం చదువుతున్నట్టు గంభీరంగా పైకి చదివాడు. క్రోమోజోములు మధ్యరేఖా తలమునకు చేరును. సోదర క్రొమాటిడ్లు విడివడి ధ్రువముల వైపు కదులును.

ప్రతిదానికీ అడ్డు ప్రశ్న వేస్తాడని పిల్లలు లాయరు అని పిలిచే కుర్రాడొకడు లేచాడు. "సార్, వాటంతట అవే కదులునా, ఎవరైనా లాగుదురా?"

"పుస్తకంలో లేదు. కూర్చో."

"సోదరులు ఎందుకు విడిపోతున్నారు సార్?"

"ఆస్తి తగాదా అయ్యుంటుంది" అన్నాడు మాస్టారు, ఉక్కిరిబిక్కిరై.

క్లాసు గొల్లుమంది. కూతురు తల బల్ల కిందికి దిగిపోయింది. గోల ఎంతకీ ఆగకపోయేసరికి ఆయన చెయ్యి దానంతటదే మెడలోకి వెళ్ళింది. ఈల మోగింది. ఏళ్ళ తరబడి ఆ ఈలకి అలవాటు పడ్డ పిల్లలు ఠక్కున లేచి, బిలబిలా మెట్లు దిగి, మైదానంలో పొడుగువాళ్ళు వెనకా పొట్టివాళ్ళు ముందూ వరసలు కట్టి నిలబడ్డారు. ఖాళీ క్లాసులో మాస్టారూ, బోర్డు మీద ఆయన గీసిన గుడ్డు లాంటి బొమ్మా మిగిలారు.

ఇక లాభం లేదని పళ్ళు పట్టుకుని సైన్సు టీచరు ఇంటికి వెళ్ళాడు. ఆవిడ కట్టు కట్టిన కాలు ముక్కాలిపీట మీద చాపుకుని కిటికీ దగ్గర కూర్చుని ఉంది.

"కాలి సంగతి మీరు క్షమించకపోయినా ఫరవాలేదు టీచర్ గారూ. పాఠం సంగతి ఒక్కటి తేల్చండి."

"ముందు మీకేం వచ్చో చెప్పండి."

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "తాడు లాగడం వచ్చు."

ఆవిడ ముఖం విప్పారింది. "అయితే సగం పాఠం వచ్చినట్టే. కూర్చోండి." పండొకటి ఒలుస్తూ మొదలుపెట్టింది. "ఒక కణం రెండు కణాలవ్వాలి. క్రోమోజోములంటే, ఆ ఒంటిని ఎలా కట్టాలో వివరమంతా దాచుకున్న పోగులు. రెండు ఇళ్ళకీ పూర్తి సెట్టు వెళ్ళాలి కదా. అందుకని కణం ముందే ప్రతి పోగుకీ అచ్చం అలాంటిదే ఇంకోటి తయారుచేసి, ఆ రెండూ విడిపోకుండా కట్లు వేసి ఉంచుతుంది. మీ పుస్తకంలో సోదరులంటే వాళ్ళే."

"ఆస్తి తగాదా కాదన్నమాట."

"పంపకమే, తగాదా లేదు. ఇంత సరిసమానంగా పంచే పెద్దమనుషులు మీకు ఏ ఊళ్ళోనూ దొరకరు. ఇప్పుడు కణం రెండు కొసల నుంచీ తాళ్ళు బయల్దేరతాయి. వాటికి కళ్ళు లేవు. చీకట్లో అగ్గిపెట్టె కోసం తడుముకున్నట్టు ఓ దిక్కుకి పెరుగుతాయి, ఏమీ తగలకపోతే కుంచించుకుపోతాయి, మళ్ళీ ఇంకో దిక్కుకి. తగిలిన పోగుని నడుం దగ్గర పట్టుకుంటాయి. అన్నని ఈ కొస పట్టుకుంటే తమ్ముణ్ణి ఆ కొస పట్టుకోవాలి. ఇద్దర్నీ ఒకే కొస పట్టుకుందనుకోండి, ఆ పట్టు జారిపోతుంది."

"ఎదురు లాగేవాడు లేడుగా, తాడు బిగుసుకోదు" అన్నాడు మాస్టారు. ఆయనకి తెలియకుండానే కుర్చీ అంచుకి జరిగిపోయాడు. "బిగువు లేని తాడు చేతిలో ఆగదండీ."

"సరిగ్గా అదే. బిగువు ఉంటేనే పట్టు నిలుస్తుంది. అలా అన్ని జంటలూ రెండు వైపులా పట్టుబడి మధ్యలో వరస కట్టాక, విడిపోతాయి."

"ఈల ఎవరు వేస్తారు?"

"ఎవరూ వేయరు."

"మరి అందరూ దొరికారని ఎలా తెలుస్తుంది?"

"దొరకనిది చెబుతుంది. తాడు అందని పోగు 'ఆగండి, నేనింకా దొరకలేదు' అని కబురు పంపుతూనే ఉంటుంది. అన్నీ దొరికి ఒక్కటి మిగిలినా సరే, ఆ ఒక్కదాని కోసం కణమంతా ఆగుతుంది. కట్లు తెంచడానికి ఒక కత్తెర ఉంటుంది, దాన్ని తెరుచుకోకుండా పట్టుకుని ఓ కాపలాదారుడు ఉంటాడు. ఆగండి అనే కబురు ఆగిందా, కణమే ఆ కాపలాదారుణ్ణి మాయం చేసేస్తుంది. కత్తెర తెరుచుకుంటుంది. కట్లన్నీ ఒకేసారి తెగుతాయి. అన్న అటు, తమ్ముడు ఇటు."

"కట్టు తెగితే లాగేవాళ్ళు వెల్లకిలా పడాలి."

"అక్కడ పడరు. పట్టుకున్న చోటే తాడు కొస కరుగుతూ ఉంటుంది. పట్టు వదలకుండా ఆ కరిగే కొస వెంటే వెళ్ళిపోతారు."

"తాడుని తినుకుంటూ నడిచినట్టు" అన్నాడు మాస్టారు.

ఆయన వీధిలోకి వచ్చేసరికి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ఇరవై ఏళ్ళుగా ఈల వేసి ఆపుతున్నాడు, ఈల వేసి కదిలిస్తున్నాడు. ఈల వేసేవాడు లేకుండా, దొరకనివాడి గొంతు మీద నడిచే ఆట ఒకటి ఉందనీ, అది తన ఒంట్లోనే ఆడుతున్నారనీ ఎవరూ చెప్పకపోవడం ఆయనకి అన్యాయంగా తోచింది. చెప్పే ఉంటారు. తనే నిద్రపోయి ఉంటాడు. బస్టాపులో నిలబడ్డ జనాన్ని చూశాడు. గొడుగు ముసలాయన, చంకలో పాపతో ఒకావిడ, చిరాగ్గా వాచీ చూసుకుంటున్న గుమాస్తా. వీళ్ళందరి లోపలా తాళ్ళే. గుమాస్తా దగ్గరికి వెళ్ళి ఆ మాట చెప్పబోయి, బస్సు రావడంతో ఆగిపోయాడు. గుమాస్తా అదృష్టవంతుడు.

మర్నాడు సాయంత్రం కూతుర్ని బతిమాలి సైన్సు గదికి తీసుకెళ్ళాడు. బీరువాలో సైన్సు టీచరు ఎప్పుడో తయారుచేసి ఉంచిన గాజుపలక ఉంది, రంగు వేసిన ఉల్లి వేరు కొస. సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టాడు.

"కనిపించింది. నల్లగా, పొడుగ్గా, కాస్త వంకరగా. అటూ ఇటూ ఊగుతోంది. బతికే ఉందే."

కూతురు ఓసారి ఆయన ముఖం పక్కనుంచి చూసింది. "అది నీ కనురెప్ప వెంట్రుక నాన్నా."

ఆమె మర తిప్పింది. మసక విడిపోయింది. ఇటుకలు పేర్చిన గోడలా కణాలు. చాలా ఇటుకల్లో ఒక్కో ఊదారంగు చుక్క, అంతే. కొన్నింటిలో చిక్కుపడ్డ దారప్పోగులు. ఒకదాంట్లో ఆ పోగులన్నీ నడిమధ్య వరస కట్టి నిలబడ్డాయి. దాని పక్కదాంట్లో రెండు గుంపులై, ఎవరో ముడిచిన రెండు చేతుల వేళ్ళు విడదీసినట్టు, ఎడమ కొసకొకటీ కుడి కొసకొకటీ వెళ్ళిపోతూ, అలాగే రంగులో ఆగిపోయి ఉన్నాయి. మాస్టారు కన్ను తీయలేదు. అప్పటికి బల్లని రెండు చేతులతో పట్టుకుని, మడమలు నేలకి తన్ని, కాస్త వెనక్కి వాలి కూడా ఉన్నాడు.

ఆపైన ఆయన దారిన పోయేవాళ్ళని పోనివ్వలేదు. అటెండరుకి చూపించాడు. స్కూలు వ్యాను డ్రైవరుకి చూపించాడు. కుళాయి బాగుచేయడానికి వచ్చిన ప్లంబరుని జబ్బ పట్టుకుని తెచ్చి చూపించాడు. ప్లంబరు చాలాసేపు చూసి, "లీకేజీ అయితే ఏమీ లేదండీ" అని ధైర్యం చెప్పి వెళ్ళాడు. ఇంట్లో భార్య చేతికి గాజు పెంకు గీసుకుంటే, మందు రాయాల్సిన మనిషి ఆ గీత కేసి మురిపెంగా చూస్తూ, "ఇప్పుడు చూడు, చర్మం పూడ్చడానికి అంచుల్లో ఎన్ని కణాలు రెండేసి అవుతున్నాయో" అన్నాడు.

"ముందు దూది తెండి" అంది ఆమె. "ఆ పుస్తకం అంత దూరం పెట్టి చదువుతున్నారు, మీకు చత్వారం వచ్చింది. రేపు దుకాణానికి రండి."

తల్లిదండ్రుల సమావేశం దగ్గర పడుతోంది. మాస్టారు హెడ్మిస్ట్రెస్ గదిలోకి వెళ్ళి, మైదానంలో కణ విభజన చేసి చూపిస్తామన్నాడు. గోల్ స్తంభాలు రెండూ కణం కొసలు. మధ్యలో పిల్లలు జంటలు జంటలుగా, వీపుకి వీపు ఆనించి, నడుం చుట్టూ జారుముడి వేసిన గుడ్డ పట్టీతో. అటూ ఇటూ కళ్ళకి గంతలు కట్టుకుని తాళ్ళు విసిరేవాళ్ళు, వాళ్ళ వెనక లాగే జట్లు.

"ఇది సైన్సా, ఆటలా?"

"అదే నాకూ తెలియడం లేదు మేడమ్."

ఆ జవాబు ఆవిడకి నచ్చినట్టుంది. "మనిషికి ఎన్నుంటాయి ఈ క్రోమోజోములు?"

"నలభై ఆరు. అంటే నలభై ఆరు జంటల పిల్లలు, తొంభై రెండు తాళ్ళు."

"తొంభై రెండు తాళ్ళు ఎక్కడివి మాస్టారూ మన స్కూల్లో?"

మాస్టారు సైన్సు టీచరుకి ఫోను చేశాడు. పళ్ళ మీద ముసిరే చిన్న ఈగకి ఎనిమిదే ఉంటాయని ఆవిడ చెప్పింది. బట్టలారేసే తాళ్ళు, పాత వాలీబాలు వల తాళ్ళు, డ్రైవరు వ్యాను పైన సామాన్లు కట్టే తాళ్ళు అన్నీ కలిపితే ఈగకి బొటాబొటిగా సరిపోయాయి.

"ఇంత హడావుడీ చేసి ఈగా?" అంది హెడ్మిస్ట్రెస్. తర్వాత కాస్త తటపటాయించి, "ఇందులో నాకేమైనా ఉందా?" అని అడిగింది. కత్తెర కాపలా ఆవిడకే ఇచ్చారు. గొడుగు తెరిచి మైదానం మధ్యలో నిలబడాలి. 'ఆగు' అనే కేక ఒక్కటి వినిపిస్తున్నా కదలకూడదు. అన్ని కేకలూ ఆగిపోయాక గొడుగు మూసి బయటికి వెళ్ళిపోవాలి. అప్పుడు జారుముడుల దగ్గర నిలబడ్డ చిన్న తరగతి పిల్లలు ఒకేసారి ముడి కొసలు లాగుతారు.

సన్నాహం రోజున సైన్సు టీచరు చంక కర్రలతో ఆటోలో వచ్చి చెట్టు నీడన కుర్చీ వేయించుకుంది. ఆట బాగానే మొదలైంది. తాడు అందని జంటలు 'ఆగు ఆగు' అని చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి, అందినవి అందినట్టు నోరు మూస్తున్నాయి. అంతలో నిశ్శబ్దమైంది. గొడుగు మూసుకుంది, ముడులు ఊడాయి, జట్లు లాగాయి. కానీ ఒక జంటకి తాళ్ళు రెండూ ఒకే వైపు నుంచి వచ్చి ఉన్నాయి. ఆ ఇద్దరు ఆడపిల్లలూ కిక్కురుమనకుండా నిలబడి, ఇద్దరికిద్దరూ ఒకే గోలు వైపు ఈడ్చుకుపోబడి బురదలో పొర్లారు. అందులో ఒకరు మాస్టారి కూతురు.

"ఒక ఇంటికి ఒకటి ఎక్కువ, ఇంకో ఇంటికి ఒకటి తక్కువ" అంది సైన్సు టీచరు లెక్క చూసి. "పొరపాటు జరిగితే అచ్చం ఇలాగే జరుగుతుంది. ఎవరూ బాధపడకండి, పాఠంలో ఇదీ ఉంది."

కుళాయి దగ్గర మోకాళ్ళు కడుక్కుంటున్న కూతురి పక్కన మాస్టారు చతికిలబడ్డాడు.

"ఎందుకు అరవలేదే?"

ఆమె నీళ్ళ కేసి చూస్తూ అంది, "అరిస్తే నీ గొంతు వస్తుంది నాన్నా. అచ్చం నీలాగే, బొంగురుగా. అందరూ నవ్వుతారు."

ఆయనకి కాస్త చివుక్కుమంది. మీసం సవరించుకున్నాడు. "గొంతొక్కటేనా, చెవులు కూడా నావే. సగం పోగులు మీ అమ్మవి, సగం నావి. ముక్కు దగ్గర మీ అమ్మ అడ్డుపడింది కాబట్టి బతికిపోయావు. నా ముక్కే వచ్చుంటే పెద్దయ్యాక కళ్ళజోడు ఎక్కడ ఆనేది?"

ఆమె నవ్వు ఆపుకోబోయి, ముక్కులోంచి నీళ్ళొచ్చి, ఇంకా ఎక్కువ నవ్వింది. అరుస్తాననలేదు. ఆయనా అడగలేదు.

సమావేశం రోజున బల్లలన్నీ నిండాయి. భార్య దుకాణంలో సగం రోజు సెలవు పెట్టి వచ్చి, ఎండ పడని చోటు చూసుకుని కూర్చుంది. లాయరు మైకు పట్టుకుని, "మీరిప్పుడు ఒక ఈగ లోపల ఉన్నారు" అని ప్రకటించాడు. పెద్దవాళ్ళు ఇబ్బందిగా అటూ ఇటూ సర్దుకున్నారు.

తాళ్ళు లేచాయి. గంతలు కట్టుకున్నవాళ్ళు గాలిలోకి విసురుతున్నారు, ఏమీ తగలకపోతే లాక్కుని మళ్ళీ విసురుతున్నారు. ఒక తాడు నీళ్ళ డ్రమ్ముని పట్టుకుంది. ఇంకొకటి ఫొటోగ్రాఫరు కాలికి చుట్టుకుంటే ఆయన బతిమాలి విడిపించుకున్నాడు. పదహారు గొంతులు కలిసి 'ఆగు ఆగు' అంటుంటే మైదానం చేపల బజారులా ఉంది. మధ్యలో గొడుగు కింద హెడ్మిస్ట్రెస్, ఉరుము ఉరిమినా చలించని ముఖంతో. ఒక్కో జంటకీ రెండు వైపులా తాడు అందుతోంది, బిగుస్తోంది. పట్టు అందిన జంట అటు ఓ అడుగు ఇటు ఓ అడుగు ఊగి ఊగి నడిమికి వచ్చి నిలుస్తోంది. గోల తగ్గుతూ వచ్చింది. ఇంకా ముగ్గురు నలుగురు. ఇద్దరు. అంతే, అయిపోయిందనుకున్నారంతా.

అవలేదు. మాస్టారి కూతురికి తాడందింది గానీ, ఆమె వీపుకి ఆనుకున్న స్నేహితురాలికి అందలేదు. ఆ పిల్ల అరవాల్సింది పోయి, నవ్వు ఆపుకోలేక ఊపిరాడక మెలికలు తిరుగుతోంది. కేకలేవీ వినిపించడం లేదు. గొడుగు అంచు మెల్లిగా కిందికి వాలడం మొదలైంది. చిన్నపిల్లల వేళ్ళు ముడి కొసల మీద బిగుసుకున్నాయి. మాస్టారి చెయ్యి ఈల దగ్గరికి వెళ్ళింది. పెదాల మధ్యకి కూడా వచ్చేసింది ఈల. ఒక్క ఊదు ఊదితే అందరూ ఆగిపోతారు. ఇరవై ఏళ్ళుగా ఆగుతూనే ఉన్నారు. ఆయన బుగ్గలు ఉబ్బాయి.

"ఆగండీ..."

ఆ కేక ఆయనది కాదు. కానీ బల్లల మీదున్న సగం మంది ఆయన వైపే తిరిగారు. గోదాముల ముందు లారీలని ఆపే గొంతు అది, తాత నుంచి తండ్రికీ తండ్రి నుంచి కూతురికీ దిగిన బొంగురు గొంతు. స్కూలు కప్పు మీది పావురాలు ఒక్కసారి లేచి గిరికీ కొట్టాయి. గొడుగు నిటారుగా అయిపోయింది. మాస్టారు ఊపిరి మింగేసి, ఈల తీసి జేబులో వేసుకున్నాడు.

"ఆగండి, ఇది ఇంకా దొరకలేదు" అని ఆమె మళ్ళీ అరిచింది. మళ్ళీ మళ్ళీ అరిచింది. ఎవరూ నవ్వలేదు. నవ్వే తీరిక ఎవరికీ లేదు. తాళ్ళు బిగించి పట్టుకున్న జట్ల కాళ్ళు వణుకుతున్నాయి, చెమటలు కారుతున్నాయి, అయినా ఎవరూ వదల్లేదు. ఒక తండ్రి ఆగలేక లేచి, "ఎడమకి, ఎడమకి విసురు బాబూ" అన్నాడు.

"చెప్పకూడదు" అని చంక కర్ర పైకెత్తింది సైన్సు టీచరు. "తాళ్ళకి చెవుల్లేవు."

తాడు వచ్చింది, తప్పింది. వచ్చింది, తప్పింది. బల్లల మీద అందరూ లేచి నిలబడ్డారు. మాస్టారి భార్య, ఏనాడూ గొంతెత్తని మనిషి, చేతిసంచి ఛాతీకి హత్తుకుని నిలబడి ఉంది. తాడు మళ్ళీ లేచి, సోమరిగా వంపు తిరిగి, నవ్వుతున్న పిల్ల భుజం మీద వాలింది. ఆ పిల్ల రెండు చేతులతో పట్టుకుని నడుముకి చుట్టుకుంది. తాడు బిగిసింది. కేక ఆగింది.

అంత నిశ్శబ్దం ఆ మైదానం ఎప్పుడూ వినలేదు. హెడ్మిస్ట్రెస్ గొడుగు టప్పున మూసింది. ఆటలో చెప్పినట్టు మాయం కావాలి కాబట్టి, జీవితంలో మొదటిసారి పిల్లల ముందు పరిగెత్తింది. ముడులన్నీ ఒక్క లాగుతో ఊడాయి. ఎనిమిది జంటలు ఎనిమిదేసి మందిగా చీలి రెండు గోల్ స్తంభాల వైపూ జారిపోయాయి. ఇవి కరిగే తాళ్ళు కావు గదా, రెండు జట్లూ ఒకే దెబ్బకి వెల్లకిలా పడ్డాయి. కాళ్ళు ఆకాశంలోకి లేచాయి. అక్కడో కుప్ప, ఇక్కడో కుప్ప. లాయరు ఈ చివరా ఆ చివరా పరిగెత్తి లెక్కపెట్టి, మైకు సంగతే మర్చిపోయి, "అక్కడెనిమిది, ఇక్కడెనిమిది. ఈగ బతికింది" అని వగరుస్తూ చెప్పాడు.

మాస్టారు నవ్వుతూ నవ్వుతూ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. గడ్డిని అరచేతులతో కొడుతూ నవ్వాడు. ఇటు గోలు కుప్పలోంచి కూతురు లేచి, ఒంటినిండా దుమ్ముతో, అటు గోలు కుప్పలో ఉన్న స్నేహితురాలికి చేతులూపింది. ఆ దూరం నుంచి ఆమె ఏదో అరిస్తే ఊరికంతా వినిపించింది. వినిపించినా ఆమె పట్టించుకోలేదు.

ఆ రోజు తల్లిదండ్రులు మార్కుల సంగతి అడగలేదు. మేమూ ఆడతామని పట్టుబట్టారు. పెద్దవాళ్ళ ఈగకి అయిదుసార్లు పొరపాట్లు జరిగాయి, ఎందుకంటే దొరకనివాళ్ళు పరువుకి పోయి అరవలేదు. హెడ్మిస్ట్రెస్ కాపలా ఉద్యోగం డ్రైవరుకి అప్పగించి, తనే క్రోమోజోముగా నిలబడింది.

టర్ము పరీక్షలో కణ విభజన మీద ప్రశ్న వచ్చింది. కట్టు విప్పించుకుని తిరిగొచ్చిన సైన్సు టీచరు ఆ పేపర్లు దిద్దుతూ స్టాఫ్ రూములో ఒక్కతే కిసుక్కుమని నవ్వుకుంటుంటే, మాస్టారు కంగారుగా వచ్చి నిలబడ్డాడు.

"తప్పులా టీచర్ గారూ?"

"వినండి. 'క్రోమోజోములన్నియు ఇరువైపుల నుండి పట్టుబడిన పిమ్మట హెడ్మిస్ట్రెస్ గొడుగు మూసి పారిపోవును.' సగం క్లాసు ఇలాగే రాసింది."

"మార్కులు వేశారా?"

"పూర్తిగా వేశాను. ఒకడు గొడుగు రంగు కూడా రాశాడు, వాడికి ఇంకో అర మార్కు వేద్దామంటే చోటు లేకపోయింది."

ఆవిడ రిటైరయ్యాక కొత్త టీచరు వచ్చింది. వచ్చిన వారంలోనే ఆమెకి తెలిసిపోయింది, ఈ స్కూల్లో సైన్సు పాఠాలన్నీ తనవే గానీ ఆ ఒక్క పాఠం మైదానానిదని. సూక్ష్మదర్శినిలో కూడా మాస్టారికి వాటా ఉన్నట్టే. పలక తీసి చూడని వారం లేదు. చూసి చూసి, ఓ రోజు బొమ్మ మబ్బు పట్టినట్టు కనిపిస్తోందని కంగారుపడి, హెడ్మిస్ట్రెస్ అనుమతితో దాన్ని గుడ్డలో చుట్టి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని భార్య పనిచేసే దుకాణానికి తెచ్చాడు.

ఆమె అద్దం విప్పి వెలుగుకి పట్టి చూసింది. "బూజు పట్టింది. స్కూల్లో ఎవరూ తుడవరా?" అంటూ మెత్తటి గుడ్డతో, సన్నటి కుంచెతో అరగంట కూర్చుని శుభ్రం చేసి బిగించింది. సరిగ్గా బిగిసిందో లేదో చూడాలి గదా. గాజుపలక పెట్టి, మర తిప్పి, కన్ను ఆనించింది.

మాస్టారు ఆమె భుజం మీదుగా వంగాడు. "కనిపించిందా? మధ్యలో వరస కట్టినవి ఉంటాయి చూడు. దానికి కాస్త కుడి పక్కన విడిపోతున్నవి. చూశావా? ఏం కనిపిస్తోంది?"

ఆమె మర ఇంకొంచెం తిప్పింది. కొత్త కళ్ళజోడు కోసం ఒకాయన వచ్చి బల్ల ముందు నిలబడి దగ్గాడు. ఆమె తలెత్తలేదు. ఆయన ఇంకోసారి దగ్గి, గోడకున్న ఫ్రేములు చూడటం మొదలుపెట్టాడు. కాసేపటికి ఆమె కన్ను తీయకుండానే చెయ్యి వెనక్కి చాపి, మొగుణ్ణి మెల్లిగా పక్కకి నెట్టింది.

"కాస్త వెలుతురుకి అడ్డం లేవండి."